అతుకు విప్పిన చెయ్యి

ఆఫీసు మూసే వేళకు, ఈ కంపెనీలో పనిచేసే కోడలుపిల్లను పోలీసు స్టేషనుకు తీసుకెళ్తానని ఇన్‌స్పెక్టరు ముందే చెప్పేశాడు. అప్పటిదాకా ఆమె ఈ గదిలోనే, తన కళ్ళ ముందే కూర్చోవచ్చు. షావుకారమ్మ అడగాల్సినవేవో అడగొచ్చు. అంతకు మించి బేరం లేదు.

షావుకారమ్మ తలూపింది. సగం జీవితం బట్టల టోకు వ్యాపారంలో గడిపి, దుకాణం తమ్ముడికి అప్పజెప్పి, డిటెక్టివ్ బోర్డు కట్టిన మనిషి. మొదట చెప్పిన ధరకు ఒప్పుకోవడం ఆమె వంశంలో లేదు. అయితే తక్కెడ అవతలివాడి చేతిలో ఉన్నప్పుడు నోరు పారేసుకోవడం కంటే సరుకు విప్పి చూసుకోవడం గిట్టుబాటని ఆమెకు తెలుసు.

విప్పి చూస్తే సరుకు ఇదీ. ఈ కంపెనీ రంగుల మిల్లులకు కంట్రోలు పెట్టెలు తయారుచేస్తుంది. మిల్లులో బట్టను పెద్ద ఇనుప డ్రమ్ములో పెట్టి, మూత బిగించి, ఆవిరి ఒత్తిడి మీద రంగు పట్టిస్తారు. లోపల ఒత్తిడి ఉన్నంతసేపు మూతకున్న తాళం వదలకూడదు. ఆ తాళం కంట్రోలు పెట్టె చేతిలో ఉంటుంది. ఒత్తిడి ఎంతో సెన్సర్ చెబుతుంది, పెట్టె వింటుంది. పోయిన వారం ఒక మిల్లులో డ్రమ్ము నిండా ఆవిరి ఉండగానే పెట్టె తాళం వదిలేసింది. మూత మీద చెయ్యి వేసిన డ్రమ్ము మేస్త్రీ ఆస్పత్రికి చేరకముందే పోయాడు.

ఆ పెట్టెలో నడిచే సాఫ్ట్‌వేర్‌కు గుండెకాయ లాంటిది కెర్నెల్. సెన్సర్ చెప్పే మాట ముందు దాని చెవినే పడుతుంది. అందులో ఒక పాత లోపం ఉండేది. సెన్సర్ ఏ కారణంచేతనైనా మూగబోతే కెర్నెల్ దాన్ని సున్నా ఒత్తిడిగా లెక్కేసుకునేది. సున్నా అయితే పెట్టె తాళం తీసేస్తుంది. ఆ లోపాన్ని పట్టుకున్నదీ, దాన్ని సరిచేసే ప్యాచ్ రాసిందీ కోడలుపిల్లే. సెన్సర్ పలక్కపోతే లోపల ఒత్తిడి నిండుగా ఉందనే అనుకో, తాళం తియ్యకు. ఆమె ప్యాచ్‌లో ఉన్న తెలివంతా ఇంతే. పెద్ద తెలివి కాదు, కాని ప్రాణాలు కాపాడే తెలివి.

చనిపోయిన మేస్త్రీ దగ్గరి పెట్టెను విప్పి చూస్తే అందులో ఆ ప్యాచ్ లేదు. కంపెనీలో కెర్నెల్ తయారుచేసే కంప్యూటరు మిషన్‌లో చూస్తే అక్కడా లేదు. ఒక అక్షరం తేడా లేకుండా పాత లోపమే తిరిగొచ్చి కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు లెక్క చిన్నది. ప్యాచ్ పెట్టింది ఆమె, అది ఎక్కడుందో తెలిసిందీ ఆమెకే. టీమ్ లీడరును చెయ్యలేదని పెద్ద ఇంజనీరుతో నలుగురిలో గొడవపడ్డదీ ఆమే. కంపెనీ పరువు తీద్దామని తీసేసింది, మనిషి ప్రాణం పోయింది.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు షావుకారమ్మగారూ," అన్నాడు కుర్చీ వెనక్కి వాల్చి. "నేను పట్టాను. మీరొచ్చి ఇప్పుడు తూకం వేస్తామంటే ఏం చేస్తాం, వెయ్యండి."

"రాళ్ళు మీవి, తక్కెడ మీది. నన్ను కనీసం ముల్లయినా చూడనివ్వండి."

షావుకారమ్మను కుదుర్చుకున్నది కోడలుపిల్ల అత్తగారు, అదీ ఆస్పత్రి మంచం మీంచే. మోకాలి ఆపరేషన్ అయి కదల్లేని మనిషి. మేస్త్రీ పెట్టెలో దొరికిన ఈ కొత్త కెర్నెల్ తయారైన రోజుల్లో కోడలు తన మంచం పక్కనుంచి లేవలేదని ఆవిడ ఒట్టేసి చెబుతోంది. తయారుచేసే మిషన్‌కు బయటి నెట్ లేదు, ఈ గదిలో ఈ కుర్చీలో కూర్చుంటే తప్ప దాని మీద వేలు పెట్టలేరు. ఇదంతా షావుకారమ్మ విన్నవించుకుంటే ఇన్‌స్పెక్టరు నవ్వేశాడు. ఆస్పత్రి పక్క వీధిలోనే ఉందన్నాడు. మందులకని దిగి వచ్చి వెళ్ళుంటుందన్నాడు. ఇంట్లో మనిషి చెప్పే సాక్ష్యానికి విలువేమిటన్నాడు.

"అత్తగారు కోడలి కోసం అబద్ధం ఆడిందని మీరు నిరూపిస్తే, కేసు కంటే ముందు ఆ వింతను పేపర్లో వేయించాలి," అంది షావుకారమ్మ.

కోడలుపిల్ల పక్కన కాపలా కూర్చున్న ఆడ కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది.

అప్పటికే షావుకారమ్మ పెద్ద ఇంజనీరుతో మాట్లాడి వచ్చింది. మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు. ఆ అమ్మాయి కావాలని చేసిందని తాననుకోవడం లేదని, ప్యాచ్‌లు వేసేటప్పుడు పొరపాట్లు జరుగుతుంటాయని, కోర్టు కూడా అలాగే చూస్తుందని ఓదార్పుగా చెప్పాడు. ఆమె ప్యాచ్ మొదటిసారి పెట్టెల్లో పెట్టి పంపాక మిల్లుల నుంచి ఏమైనా ఫిర్యాదులు వచ్చాయా అని అడిగితే, ఒక్కటీ రాలేదన్నాడు.

ఆ రెండు మాటలూ షావుకారమ్మకు రుచించలేదు. అడక్కముందే ధర తగ్గించే దుకాణదారు దగ్గర ఆమె ఏనాడూ సరుకు కొనలేదు. ఇక ఫిర్యాదుల సంగతి. పోయిన సీజన్‌లో తమ్ముడు తల పట్టుకున్నాడు. ఏ మిల్లు సరుకు చూసినా రంగులో తేడా. ఒకే తానులో మొదలు లేత, చివర ముదురు. డ్రమ్ములో ఉండాల్సినదాని కంటే ఎక్కువసేపు ఉడికితే బట్ట అలా వస్తుంది. ఉడకడం అయ్యాక మూత వెంటనే ఎందుకు తియ్యలేదని అడిగితే ఒక మిల్లువాడూ సమాధానం చెప్పలేదు. ఈ మధ్యే ఒక్క మిల్లు సరుకులో మాత్రం ఆ తేడా మాయమైంది, మేస్త్రీ పోయిన మిల్లే అది. ఆ మాయమవడం ఇప్పుడామె మనసులో ఒక పక్కగా కూర్చుని ఉంది. ఇంకా తూకానికి రాలేదు.

ఆమె కుర్చీ కోడలుపిల్ల పక్కకు జరుపుకుని, ప్యాచ్ అంటే ఏమిటో తనకు తెలిసే భాషలో చెప్పమంది. పిల్ల మొహం పీక్కుపోయి ఉంది గాని పని మాట వచ్చేసరికి గొంతు నిలబడింది. ప్యాచ్ అంటే అతుకుముక్క ఒక్కటే కాదంది. దర్జీకి చెప్పే పురమాయింపు లాంటిదంది. ఫలానా చోట ఈ వరసలు విప్పు, వాటి బదులు ఇవి కుట్టు. చోటు గుర్తుపట్టడానికి పైవరసలు కొన్ని, కిందివరసలు కొన్ని కూడా అందులో ఉంటాయి. విప్పేవాటి ముందు మైనస్, కుట్టేవాటి ముందు ప్లస్. దాన్ని చదివి పని చేసేది ఒక చిన్న ప్రోగ్రాం.

"అదే పురమాయింపు తిరగేసి చదివితే?"

"కుట్టింది విప్పేస్తుంది ఆంటీ. పాతది మళ్ళీ కుట్టేస్తుంది."

"కుట్టు గుర్తు కూడా లేకుండానా?"

"వరసలు ఉండాల్సినచోటే ఉంటే ఏ గుర్తూ ఉండదు. కాస్త జరిగి ఉంటే మాత్రం..." పిల్ల ఆగిపోయింది. ఆ తర్వాత ఎవర్నీ అడక్కుండానే కీబోర్డు మీద చెయ్యి వేసింది.

ఇన్‌స్పెక్టరు ముందుకు వంగి, దేన్నీ ముట్టుకోవద్దన్నాడు. చూడ్డానికే, మార్చడానికి కాదంది షావుకారమ్మ. కావాలంటే ఆయన్నే నొక్కమంది. పిల్ల చెబుతుంటే ఆయన వేళ్ళతోనే కెర్నెల్ ఉన్న ఫోల్డర్ తెరిపించింది. సెన్సర్ మాట వినే ఫైలు అక్కడుంది. దాని పక్కనే అదే పేరుతో, చివర 'ఒరిజ్', అంటే ఒరిజినల్, అనే తోకతో ఇంకో ఫైలు.

పోలీసుల నిపుణుడు మొదటిది చూసి వెళ్ళిపోయాడు. తోకలున్నవి చెత్త అనుకున్నాడు. షావుకారమ్మ అనుభవంలో మాత్రం ఏ దుకాణం నిజం ఆ దుకాణం చెత్తబుట్టలోనే దొరుకుతుంది.

తెరిచారు. అందులో కోడలుపిల్ల ప్యాచ్ ఉంది. సెన్సర్ పలక్కపోతే నిండుగా ఉన్నట్టే లెక్క అనే ఆ వరసలు, ఆమె రాసినవి రాసినట్టే ఉన్నాయి.

పిల్ల కళ్ళు తుడుచుకుని వివరించింది. వరసలు జరిగి ఉన్నచోట పని చెయ్యాల్సి వస్తే ఆ ప్రోగ్రాం జాగ్రత్తకోసం పాత ఫైలును ఇలా పక్కన దాస్తుంది. అంటే విప్పకముందు అతుకు ఉంది. చేత్తో చెరిపేసుంటే ఈ తోక ఫైలు పుట్టేది కాదు. ప్యాచ్‌ను తిరగేసి వేశారు కాబట్టే పుట్టింది.

"సరే, చేత్తో కాదు, ప్రోగ్రాంతో తీసేశావు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కత్తితో కొయ్యలేదు, కత్తెరతో కోశావు. నాకేం తేడా?"

తేడా ఉందని షావుకారమ్మకు తెలుసు గాని అదేమిటో ఇంకా తెలియదు. ఆమె పిల్లను వేరే మాట అడిగింది. వరసలు ఎందుకు జరిగాయి? ఈసారి కెర్నెల్ కొత్త వెర్షన్ తీసుకున్నారు కాబట్టి జరిగాయంది పిల్ల. కెర్నెల్ తమ కంపెనీది కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాస్తారు, కొత్త వెర్షన్‌లు విడుదల చేస్తారు. కొత్తది వచ్చినప్పుడల్లా దాన్ని తెచ్చుకుని, కంపెనీ సొంత ప్యాచ్‌ల కట్టను దానిమీద ఒక్కొక్కటిగా వేస్తారు. తన ప్యాచ్ కూడా ఆ కట్టలోదే.

చెబుతూ చెబుతూ పిల్ల ఒక్కసారిగా కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఆంటీ, ఆ ప్యాచ్ నేను వాళ్ళకి కూడా పంపాను. కెర్నెల్ రాసేవాళ్ళకి. బాగుందని తీసుకున్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి అత్తయ్యకి కూడా చెప్పాను. అంటే ఈ కొత్త వెర్షన్‌లో అది ముందే ఉంది."

మిగతా పని ఇన్‌స్పెక్టరు ముందే జరిగింది. పక్క మిషన్‌లో కొత్త వెర్షన్‌ను తాజాగా తెచ్చి పెట్టారు. కట్టలోంచి ఆమె ప్యాచ్ ఒక్కదాన్నే తీసుకుని దానిమీద వేశారు. ప్రోగ్రాం పని చెయ్యకుండా ఆగిపోయి ఒక ప్రశ్న అడిగింది. ఇది ముందే వేసినట్టుంది, తిరగేసి వెయ్యమంటావా? దాని సలహా అయితే వద్దనే. అవుననాలంటే మాత్రం 'వై' నొక్కాలి.

"నొక్కండి," అంది షావుకారమ్మ.

ఇన్‌స్పెక్టరు నొక్కాడు. అతుకు విడిపోయింది. పాత లోపం యథాస్థానంలో కూర్చుంది, పక్కనే 'ఒరిజ్' తోకతో ఒక ఫైలు పుట్టింది. ఒక్క మీట నొక్కడంతో ఒక మూత ఊడుతుందని ఆయనకు అప్పుడు అర్థమైంది. తన వేలు ఒకసారి చూసుకుని చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

అయితే ఆయన కూడా లెక్క రానివాడేం కాదు. కట్టను వేసే పని ఎవరిదని వెంటనే అడిగాడు. 'సరే బాబాయ్'దని తేలింది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మెత్తటి మనిషి. ఎవరేమన్నా సరే అంటాడు కాబట్టి ఆఫీసంతా ఆ పేరే పెట్టుకుంది. పిలిపించారు. వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు ఆయన్ను కూర్చోమనకుండానే మొదలుపెట్టాడు. ప్రోగ్రాం అడిగిన ప్రతిదానికీ అలవాటు కొద్దీ అవునని కొట్టుకుంటూ పోయావు, ఇది కూడా అలాగే కొట్టావు, అంతేనా అన్నాడు.

బాబాయ్ కోడలుపిల్ల వైపు చూడలేదు. "సరే సార్, అంతే," అన్నాడు.

"నువ్వే కదా?"

"నేనే సార్."

ఇన్‌స్పెక్టరు లేచి చొక్కా సర్దుకున్నాడు. కుట్ర కాకపోతే నిర్లక్ష్యం. ఖాళీ చేతులతో వెళ్ళడం లేదు, అది చాలు. కోడలుపిల్లతో ఇంటికెళ్ళొచ్చన్నాడు.

షావుకారమ్మ తీసుకున్న పని అక్కడితో అయిపోయింది. అత్తగారు అడిగింది కోడల్ని, కోడలు చేతికొచ్చింది. వ్యాపారంలో అయితే ఇక్కడ కొట్టు కట్టేసి వెళ్ళిపోవాలి. ఆమెకు మాత్రం కాలు కదల్లేదు. తప్పు ఒప్పుకునే మనిషి ముందు ఎవరి వైపు చూడాలి? తప్పువల్ల నష్టపోయినవాళ్ళ వైపు. ఈయన ఆ ఒక్క వైపే చూడటం లేదు.

పిల్ల కూడా లేవలేదు. తెర మీద తెరిచి ఉన్న అసలు ఫోల్డర్ వైపే చూస్తోంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఉంది. తలుపు తీసే ఉంది. అయినా నోరు విప్పింది.

"సార్, బాబాయ్ కాదు."

ఇన్‌స్పెక్టరు ఆగాడు.

ఆమె వేలు పెట్టి చూపించింది. 'ఒరిజ్' తోక ఫైలు కింద 'రెజ్', అంటే రిజెక్టు, అనే తోకతో మరొకటి ఉంది. ప్రోగ్రాం వెయ్యకుండా వదిలేసిన వరసలు ఆ ఫైల్లో చేరతాయంది. ప్రశ్నకు అవునంటే మొదటి తోక పుడుతుంది, వద్దంటే రెండోది పుడుతుంది. తన ప్యాచ్ ఒకే ఒక్క చోట వేసేది, ఒక జవాబుకు ఒక తోకే రావాలి. ఇక్కడ రెండూ ఉన్నాయి.

షావుకారమ్మ పక్క మిషన్‌లో మళ్ళీ తాజాగా పెట్టించి, ఈసారి వద్దనమంది. ఇన్‌స్పెక్టరు జేబులోంచి చెయ్యి తీసి 'ఎన్' నొక్కాడు. అయినా వెయ్యాలా అని ప్రోగ్రాం ఇంకోసారి అడిగింది. మళ్ళీ 'ఎన్' నొక్కాడు. 'రెజ్' పుట్టింది. 'ఒరిజ్' పుట్టలేదు.

"రెండు సార్లు వేశారు సార్," అంది పిల్ల. "ఒకసారి ఎవరో చదివి వద్దన్నారు. తర్వాత ఇంకెవరో ఈ ఒక్క ప్యాచ్ కోసమే వచ్చి అవునన్నారు. తెలియక నొక్కింది కాదు. వద్దన్నది బాబాయే అయ్యుంటాడు. ఆయన ఒక్క ప్రశ్న కూడా చదవకుండా దాటడు, నాకు పని నేర్పింది ఆయనే."

"అంటే ఇది పొరపాటు కాదంటావు. కావాలని చేసిందంటావు." ఇన్‌స్పెక్టరు గొంతు తగ్గించాడు. "అలాగైతే నేను పొద్దున చెప్పిందే ఖాయం. కావాలని చెయ్యడానికి కారణమున్న మనిషి నాకు తెలిసినంతలో నువ్వే. ఇంటికెళ్ళమన్నాను. ఎందుకు వెళ్ళలేదు?"

పిల్ల తలుపు వైపు చూడకుండా మళ్ళీ తెర వైపు తిరిగింది.

షావుకారమ్మ అప్పుడు బాబాయ్‌కి కుర్చీ వేసింది. కూర్చోబెట్టి, పక్కన తానూ కూర్చుంది. మాట నెమ్మదిగానే అంది.

"చూడు తమ్ముడూ. ఆ పిల్ల గడప దాటితే చాలు, బతికిపోయేది. దాటకుండా నీ కోసం ఆగింది. ఇప్పుడు ఆమెను తీసుకెళ్తారు. నువ్వు ఎవరికి సరే అన్నావో చెబుతావా, లేక ఇంటికెళ్ళి అన్నం తింటావా?"

బాబాయ్ ఎవరికో కాదు, నేలకు చెబుతున్నట్టు చెప్పాడు. ప్రోగ్రాం అడిగినప్పుడు తాను వద్దన్నాడు. ఈ ప్యాచ్ కొత్త వెర్షన్‌లో ముందే ఉంది, కట్టలోంచి తీసేద్దామని పెద్ద ఇంజనీరుకు చెప్పాడు. నేను చూసుకుంటాను, నువ్వెళ్ళు అన్నాడాయన. మేస్త్రీ పోయాక పిలిచి, పొరపాటుగా అవును నొక్కానని ఒప్పుకో, పొరపాటుకు జైలు ఉండదు, అమ్మాయి కూడా బయటపడుతుంది అన్నాడు.

"నేను సరే అన్నానమ్మా. మిషన్‌కు వద్దని చెప్పగలిగాను. మనిషికి చెప్పలేకపోయాను."

అప్పటికి పెద్ద ఇంజనీరు తలుపు దగ్గరికి వచ్చి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి విన్నాడో తెలియదు. కాదనడానికి ప్రయత్నించలేదు. షావుకారమ్మ తన మనసులో పక్కన పెట్టిన రాయిని అప్పుడు తూకానికి తెచ్చింది. సెన్సర్లు ఆవిరికి తరచూ మూగబోతాయి. ఈ పిల్ల ప్యాచ్ ఉన్నంతకాలం మూగబోయినప్పుడల్లా మూత బిగుసుకుపోయేది. బట్ట లోపలే ఉడికి రంగు ముదిరిపోయేది. మిల్లులవాళ్ళు వచ్చి మీ మీద పడ్డారు. సెన్సర్లు మార్చడం పెద్ద పని, అతుకు విప్పడం చిన్న పని. "ఒక్క ఫిర్యాదూ రాలేదన్నారు. ఆ తానులు మా దుకాణంలో నేను విప్పి చూశానండీ."

"నేను ఎవర్నీ చంపాలనుకోలేదు," అన్నాడాయన. "పాత పద్ధతికి తిరిగెళ్ళాను. అది ఇన్నేళ్ళూ నడవలేదా?"

"నడిచింది. కన్నం పడ్డ పడవ కూడా ఒడ్డున ఉన్నంతకాలం బాగానే ఉంటుంది."

ఇన్‌స్పెక్టరు ఆడ కానిస్టేబుల్‌కు సైగ చేశాడు. ఆమె కోడలుపిల్ల పక్కనుంచి లేచి వెళ్ళి పెద్ద ఇంజనీరు పక్కన నిలబడింది. పిల్ల ఒళ్ళో బ్యాగును గట్టిగా పట్టుకుని మొదటిసారి నిండుగా ఊపిరి తీసుకుంది.

షావుకారమ్మ మాత్రం ఇంకా లెక్క మూయలేదు. టోకు వ్యాపారికి వచ్చే ఆలోచన ఒకటి ఆమెకు వచ్చింది. ఏ సరుకూ ఒక్క ఇంటికే పోదు.

"ఈ పాతది ఎన్ని మిల్లులకు పంపారు?"

పెద్ద ఇంజనీరు మొహంలో మర్యాద అప్పుడు చెదిరింది. ఆయన గోడ గడియారం చూశాడు. ఆ పోయిన మేస్త్రీ మిల్లులోదే మొదటి పెట్టె, మిగతావాటికి నిన్నా ఇవాళా ఎక్కించారు. అన్ని మిల్లులకూ. మధ్యలో ఆపితే ఎందుకాపారని అడుగుతారని ఆపలేదన్నాడు.

పగలు నడుస్తున్న మిల్లు అంటే నిండుగా ఆవిరి ఉన్న డ్రమ్ము. ఇన్‌స్పెక్టరు నంబర్లు అడిగి తానే ఫోను కలిపాడు. అవతల మోగుతుండగా కోడలుపిల్ల వైపు తిరిగాడు.

"ఏం చెప్పమంటారు?"

ఆమె ఫోను అందుకుంది. ఆవిరి కట్టెయ్యాలి, తాళం ఏం చెప్పినా నమ్మొద్దు, డ్రమ్ము మీది ఒత్తిడి ముల్లు సున్నాకు దిగేదాకా ఎవరూ మూత ముట్టుకోవద్దు. మాటలన్నీ వరసగా పేర్చుకుని సిద్ధంగా ఉంది. అవతల ఎవరో ఎత్తారు. మిషన్ల రొద మధ్య ఒక కుర్రగొంతు వినబడింది. ఆమె కంపెనీ పేరు చెప్పి, డ్రమ్ము సంగతి అడిగింది.

"తాళం ఇప్పుడే వదిలిందండీ. మా మేస్త్రీ మూత దగ్గరికి వెళ్తున్నాడు. ఏం, పిలవమంటారా?"